గర్భసంచి పోయింది ఆస్పత్రిలో కాదు, చెరకు తోటలో

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా గురించి 2019లో పత్రికలన్నీ రాశాయి. "గర్భసంచులు లేని ఊళ్ళు" అని పేరు కూడా పెట్టాయి. చెరకు నరకడానికి వలసపోయే ఆడవాళ్ళు ఇరవై, ముప్ఫై ఏళ్ళకే గర్భసంచులు తీయించుకుంటున్నారని చదివినవాళ్ళంతా అయ్యో అనుకున్నారు. ఆ అయ్యోతో పాటే రెండు అభిప్రాయాలు కూడా స్థిరపడిపోయాయి. డబ్బుకు ఆశపడ్డ ప్రైవేటు డాక్టర్ల మోసం ఇదంతా అని ఒకటి. చదువులేని ఆడవాళ్ళు నెలసరి బెడద వదిలించుకోవడానికి తెలివితక్కువగా చేసుకున్న పని అని రెండోది. మొదటిదానిలో కొంత నిజం వుంది. రెండోదానిలో వున్నది పొగరు మాత్రమే. ఈ రెండింటిలోనూ కనపడకుండా తప్పించుకున్నవాడు ఒకడున్నాడు. ఆ స్త్రీల చేత పని చేయించుకున్న యజమాని.

మరలో పడి కార్మికుడి చెయ్యి నలిగిపోతే దాన్ని పనిలో జరిగిన ప్రమాదం అంటాం. ఆ చెయ్యి తీసేసింది డాక్టరే అయినా, చెయ్యి పోవడానికి కారణం డాక్టరని ఎవరూ అనరు. నష్టపరిహారం ఫ్యాక్టరీనే అడుగుతాం. చెరకు కోతలో గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీ విషయంలో మాత్రం ఈ ఇంగితం ఏమైపోతోంది? అది "ఆడవాళ్ళ జబ్బు" అయిపోతుంది. ఆమె ఒంటికి, ఆమె ఇంటికి, ఆమె మొగుడికి సంబంధించిన సంగతైపోతుంది. ఆమె చేసిన పనికి, ఆమె నరికిన చెరకుతో పంచదార చేసిన మిల్లుకు దానితో సంబంధమే లేనట్టు మాట్లాడతారు. మేము దీన్ని ఒప్పుకోం. ఇది వృత్తిలో తగిలిన గాయం. ఆ పేరుతోనే దీన్ని పిలవాలి, ఆ పేరుతోనే పరిహారం అడగాలి.

ముందు లెక్కలు చూద్దాం. 2016-17 నుంచి 2018-19 వరకు మూడేళ్ళలో ఒక్క బీడ్ జిల్లాలో 4,605 మందికి గర్భసంచి తీసివేసే ఆపరేషన్లు జరిగాయని మహారాష్ట్ర ఆరోగ్యమంత్రి 2019లో చట్టసభలో చెప్పాడు. గొడవ పెద్దదయ్యాక నీలమ్ గోర్హే అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే 82,309 మంది స్త్రీలను సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదని తేలింది. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి. దాదాపు అదే కాలంలో, 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషను అయినవాళ్ళు 3.2 శాతం అని చెప్పింది. రెండు సర్వేల పద్ధతులు, వయసుల లెక్కలు ఒకటి కాకపోవచ్చు. అయినా మూడుకూ పదిహేడుకూ మధ్య వున్న తేడాను పద్ధతుల తేడా అని కొట్టిపారెయ్యలేం. డాక్టర్ల దురాశ అన్ని జిల్లాల్లోనూ వుంది కదా. బీడ్‌లో అదనంగా వున్నదేమిటి?

అక్కడ అదనంగా వున్నది చెరకు కోత వలస. బీడ్ కొత్త ఊరేమీ కాదు మనకు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగమే. మరాఠ్వాడాలోని ఆ కరువు నేలలో వర్షాధారం తప్ప ఇంకేం లేదు. దసరా, దీపావళి వెళ్ళాయంటే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతాయి. వంజారీలు, బంజారాలు, దళితులు, భూమి వున్నా పండనివాళ్ళు, లక్షలాదిమంది కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, సోలాపూర్ వైపూ కర్ణాటక వైపూ వెళ్ళి, అయిదారు నెలలు ఫ్యాక్టరీ కోసం చెరకు నరికి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు.

ఈ పనికి మనిషిని కూలికి పెట్టుకోరు, జంటను పెట్టుకుంటారు. చెరకు నరికే కత్తిని మరాఠీలో కొయ్‌తా అంటారు. "ఒక కొయ్‌తా" అంటే ఒక భార్య, ఒక భర్త. ముకాదం, అంటే మన మేస్త్రీ లాంటివాడు, సీజను మొదలవక ముందే ఒక కొయ్‌తాకు ఇంత అని అడ్వాన్సు ఇస్తాడు. దాన్ని ఉచల్ అంటారు. ఆ డబ్బు మొగుడి చేతికి వస్తుంది. వేలిముద్రో సంతకమో అతనిదే వుంటుంది. తాకట్టు పడేది మాత్రం ఇద్దరి ఒళ్ళూ. టన్నుకు ఇంత అని కట్టే కూలీ కూడా జంటకే. అందులో ఆమె వాటా ఎంతో ఏ కాగితంలోనూ రాసి వుండదు. ఆమె కార్మికురాలు కాదు, కత్తిలో సగం.

పెళ్ళి కానివాడికి జంట లేదు కనుక అడ్వాన్సూ సగమే. అందుకని కోతల కాలానికి ముందే పిల్లలకు పెళ్ళిళ్ళు చేసేస్తారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో బీడ్ జిల్లాలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి నలభై మందికి పైగా పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళే. దీనికి కారణం వెనకబడిన సంప్రదాయం అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు, ఆ సంప్రదాయానికి ప్రతి ఏడూ అడ్వాన్సు రూపంలో పెట్టుబడి పెడుతున్నదెవరో కూడా చెప్తే బాగుంటుంది. పదహారేళ్ళకు పెళ్ళి, ఇరవై నాటికి ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషను. ఇక గర్భసంచితో "పనిలేదు" అనే మాట అక్కడే మొదలవుతుంది.

కోత దగ్గరకు వద్దాం. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లేచి, నీళ్ళు తెచ్చి, రొట్టెలు కాల్చి, పిల్లల్ని వెంటేసుకుని చీకటితోనే తోటలోకి వెళ్తుంది. మొదలు దగ్గర నరకడం, ఆకు దూయడం, కొన కొట్టేయడం, మోపు కట్టడం, ఆ మోపు నెత్తికెత్తుకుని బండిదాకా నడవడం, లారీకో ట్రాక్టరుకో ఆనించిన బల్ల మీదుగా పైకెక్కి దించడం. ఒక జంట రోజుకు రెండు టన్నులు కొట్టిందనుకోండి. మోపు 30 కిలోలని లెక్కేసినా 66 మోపులకు పైనే అవుతుంది. అందులో సగం ఆమె మోసినా 33 సార్లు 30 కిలోలు నెత్తిన పెట్టుకుని బల్లెక్కి దిగాలి. ఫ్యాక్టరీ గేటు లోపలైతే వయసొచ్చిన స్త్రీ చేత 30 కిలోలకు మించి మోయించకూడదని చాలా రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమాల్లో వుంది. తోటలో మోపును తూచేవాళ్ళెవరు? బండి ఎప్పుడొస్తే అప్పుడు ఎక్కించాలి. అర్ధరాత్రి వచ్చినా లేవాల్సిందే. గర్భిణి అయినా, బాలింత అయినా, బహిష్టు అయినా లెక్క ఒకటే.

చెరకు ఆకు అంచు రంపంలా కోస్తుంది. దాని నూగు ఒంటికి అంటుకుని దురద పెడుతుంది. కత్తి జారి కాలికి తగిలిన గాయాలు, పాముకాట్లు, నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులు ఆడామగా ఇద్దరికీ వున్నాయి. వాటిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ ఆమె ఒంటి మీద ఇవి చాలక మరికొన్ని వచ్చి పడతాయి. గుడిసెలు వేసుకునే చోట మరుగుదొడ్డి వుండదు. స్నానానికి చాటు వుండదు. రోజంతా ఆపుకుని వుండాలి, ఆపుకోవడం కోసం నీళ్ళు తాగడం తగ్గించాలి. ఎండలో నీళ్ళు తాగకుండా పన్నెండు గంటలు ఒళ్ళు వంచితే మూత్రంలో మంట రాక ఏమొస్తుంది? బహిష్టు గుడ్డ మార్చుకునే చోటు లేదు. మార్చుకున్నది కాలవ నీళ్ళలోనో గుంట నీళ్ళలోనో ఉతికి, ఎవరి కంటా పడకుండా నీడన ఆరేసి, సగం తడిగానే మళ్ళీ కట్టుకోవడం. దాంతో ఇన్‌ఫెక్షన్లు, తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. ప్రసవమైన కొద్ది వారాలకే మోపులెత్తడం వల్ల గర్భసంచి జారడం. అసలే రక్తహీనత, పైన అధిక రక్తస్రావం. వీటిలో చాలావాటికి మందులతోనో, విశ్రాంతితోనో, చిన్న చికిత్సతోనో నయమవుతుంది. ఆ మందూ విశ్రాంతీ దొరకని చోట ఆమెను పెట్టింది ఎవరు?

ఇక ఖాడా గురించి చెప్పాలి. జంటలో ఎవరు పనికి రాకపోయినా కోసే జరిమానా అది. రోజుకు 500 రూపాయలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. నెలలో మూడు నాలుగు రోజులు బహిష్టు నొప్పితో గుడిసెలో పడుకుంటే 1,500 నుంచి 2,000 పోతుంది. ఆరు నెలల సీజనులో అది 9,000 నుంచి 12,000 దాకా అవుతుంది. ఆ రోజుల కూలీ ఎలాగూ రాదు. రెండు సీజన్ల నష్టం కలిపి చూసుకుంటే ఒక ఆపరేషను ఖర్చుకు దగ్గరగా వస్తుంది. తెలివితక్కువ ఆడవాళ్ళని ఎవరిని అంటున్నారో వాళ్ళే ఈ లెక్క వేసుకున్నారు. లెక్క తప్పు కాదు. అలాంటి లెక్క వేసుకోవలసిన స్థితిలోకి ఒక మనిషిని నెట్టడమే నేరం. దీన్ని "ఆమె ఇష్టపూర్వకంగా చేయించుకుంది" అని రాసే పత్రికలకు ఇష్టం అనే మాటకు అర్థం తెలియదనుకోవాలి.

డాక్టరు పాత్ర ఇక్కడ మొదలవుతుంది. ఊరికి తిరిగొచ్చాక తెల్లబట్ట అనో నొప్పి అనో ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే స్కానింగ్ తీసి, "సంచి పాడైంది, వుంచితే క్యాన్సరవుతుంది" అంటాడు. క్యాన్సర్ అనే మాట విన్నాక ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఇంకేం ఆలోచిస్తుంది? డబ్బుకు మళ్ళీ ముకాదం దగ్గరికే. వచ్చే ఏడు అడ్వాన్సులో కలిపి ఇస్తాడు. ఆ అప్పు తీరాలంటే కుట్లు పచ్చిగా వుండగానే మళ్ళీ తోటలోకి వెళ్ళాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లుడిగిన ఒళ్ళవుతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. అండాశయాలు వుంచినా అవి ముందే మందగించే అవకాశం ఎక్కువ. నొప్పి పోతుందని తీయించుకుంటే వున్న నడుంనొప్పికి ఇవి తోడవుతాయి. ముప్ఫై అయిదేళ్ళకే అరవై ఏళ్ళ ముసలమ్మ అయినవాళ్ళు మోపు ఎత్తలేకపోతే "కొయ్‌తా" విరిగిపోయినట్టే. అప్పుడు ఆ ఇంట్లో పెద్దకొడుక్కు పెళ్ళి చేస్తారు.

ఇంతకూ యజమాని ఎవరు? అడిగితే ఎవరికి వారు పక్కవాణ్ణి చూపిస్తారు. నా తోట నరికేవాళ్ళను నేను పిలవలేదంటాడు రైతు. అది నిజమే. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, మా రిజిస్టర్లో లేరంటుంది ఫ్యాక్టరీ. నేనూ వాళ్ళలాంటి బీదవాణ్ణే, మధ్యలో వున్నానంటాడు ముకాదం. కానీ ఏ తోట ఏ రోజు నరకాలో నిర్ణయించేది ఫ్యాక్టరీ. బండ్లు పంపేది ఫ్యాక్టరీ. కాంట్రాక్టర్ల ద్వారా అడ్వాన్సు సొమ్ము కదిలించేది ఫ్యాక్టరీ. మహారాష్ట్రలో కోత, రవాణా ఖర్చును రైతుకివ్వాల్సిన చెరకు ధరలోంచి మినహాయించుకునేది కూడా ఫ్యాక్టరీయే. పని చెప్పి, డబ్బిచ్చి, లెక్క రాసుకునేవాణ్ణి యజమాని అనకపోతే ఇంకెవర్ని అంటారు?

పైగా వీటిలో చాలా సహకార ఫ్యాక్టరీలు వున్నాయి. వడ్డీ వ్యాపారుల పీడ వదిలించుకోవడానికి రైతులు కూడబలుక్కుని ప్రవరానగర్‌లో 1950 ప్రాంతంలో మొదలుపెట్టిన సహకార చక్కెర ఉద్యమాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ సహకారంలో చెరకు వున్న రైతుకు వాటా వుంది, ఓటు వుంది. చెరకు నరికే స్త్రీకి వాటా లేదు, ఓటు లేదు, చివరికి ఒక మరుగుదొడ్డి లేదు.

చట్టం కూడా ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు రైతుకు 14 రోజుల్లో డబ్బు చెల్లించాలంటుంది. మంచిదే. నరికినవాళ్ళకు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో దానికి పట్టలేదు. ఇ.ఎస్.ఐ. చట్టం చక్కెర మిల్లులను సీజను ఫ్యాక్టరీలని మినహాయించింది. మరీ విడ్డూరం ఇంకొకటుంది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధుల పట్టిక వుంది. అందులో బాగస్సోసిస్ అనే జబ్బు పేరుంది. చెరకు పిప్పి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి అది. అంటే చెరకు రసం పిండేశాక మిగిలిన పిప్పి వల్ల మిల్లులో పనివాడికి వచ్చే జబ్బు చట్టానికి కనిపించింది. అదే చెరకు నిలబడి వున్నప్పుడు దాన్ని నరికి మోసిన స్త్రీకి వచ్చే ఒక్క జబ్బు కూడా కనిపించలేదు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వలస కార్మికుల 1979 చట్టం కూడా వాటిలో కలిసిపోయింది. ఆ గందరగోళంలో ఈ పట్టికను పెంచాలని అడిగిన గొంతులు చాలా తక్కువ.

పని వల్లనే ఒళ్ళు చెడుతుందని ఒప్పించడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి మధ్య అమెరికా వైపు ఒకసారి చూడాలి. నికరాగువాలోని చిచిగల్పా చుట్టుపక్కల చెరకు కోత కూలీలు, అక్కడ ఎక్కువమంది మగవాళ్ళు, షుగరు జబ్బూ బి.పి. లేకుండానే మూత్రపిండాలు పాడై వేలమంది చనిపోయారు. నీళ్ళలో ఏదో వుందనీ, సారా తాగుతారనీ, రకరకాల మాటలన్నారు. 2008లో కూలీలు, చనిపోయినవాళ్ళ భార్యలు ఆ మిల్లుకు అప్పిచ్చిన ప్రపంచబ్యాంకు సంస్థ మీదే ఫిర్యాదు చేశారు. కారణాల మీద చర్చ ఇంకా ముగియలేదు గానీ, మండే ఎండలో విరామం లేకుండా, టన్నుల లెక్కన చేసే కష్టం ఇందులో ప్రధానమని ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంటున్నారు. ఎల్ సాల్వడార్‌లో 2010 దశకం మధ్యలో కొన్ని తోటల్లో నీళ్ళు, నీడ, నిర్ణీత విరామం ఇచ్చి చూశారు. పని తగ్గలేదు, ఒంటికి జరిగే హాని తగ్గింది. నీళ్ళు, నీడ, విరామం. ఇందులో ఏది మన మిల్లులకు కొనలేనంత ఖరీదు?

మన ప్రభుత్వాలు చేసిందేమిటో చూడండి. ప్రైవేటు ఆస్పత్రుల్లో గర్భసంచి ఆపరేషను చేయాలంటే జిల్లా సివిల్ సర్జన్ అనుమతి కావాలని బీడ్‌లో నియమం పెట్టారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది. మంచివే, కాదనం. అయితే ఇవన్నీ ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర కాపలా. తోటలో మోపు బరువు తగ్గలేదు, ఖాడా పోలేదు, మరుగుదొడ్డి రాలేదు. నొప్పి అలాగే వుంటే ఆమె పక్క జిల్లాకు వెళ్తుంది, అంతే. కూలీల సంఘాలు పోరాడితే 2024 జనవరిలో కోత కూలీ రేటు 34 శాతం పెంచారు. అది గెలుపే. కానీ పెరిగిన రేటు కూడా జంట పేరు మీదే. ఇక యంత్రాలొస్తే సమస్యే వుండదనేవాళ్ళు వున్నారు. కోత యంత్రాలకు సబ్సిడీ ఇస్తున్నారు కూడా. యంత్రం మీద కూర్చునేది ఎవరు, ఇంటికి పంపేది ఎవర్ని అని అడిగితే జవాబు మనకు వరినాట్ల దగ్గరనుంచీ తెలిసిందే.

ఇది పక్క రాష్ట్రం గొడవ అని మన పత్రికలు రాసిన తీరు చూస్తే కోపం వస్తుంది. 2015-16 సర్వేలో దేశంలో గర్భసంచి ఆపరేషన్లలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 8.9 శాతం. రెండోది తెలంగాణ, 7.7 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు విపరీతంగా పెరిగితే ప్రైవేటు ఆస్పత్రుల మీద ఆంక్షలు పెట్టారు. ఆంక్షలు పెట్టిన తర్వాత వచ్చిన అంకెలే ఇవి. ఆస్పత్రి తలుపు ఒక్కటే మూస్తే చాలదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? నారాయణఖేడ్ చుట్టూ వున్న తండాల నుంచి లంబాడా కుటుంబాలు ప్రతి ఏడూ ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలో వెంటబెట్టుకునో చెరకు కొట్టడానికి వెళ్తున్నాయి. అక్కడా అడ్వాన్సే, అక్కడా మేస్త్రీయే, అక్కడా ఆలుమగల జంటే. బీడ్‌లో చేసినట్టు ఆ తండాల స్త్రీలను కూర్చోబెట్టి మన ప్రభుత్వాలు ఎందుకు అడగవు, మీ ఒంటికి ఏమైందమ్మా అని?

కాబట్టి మన మహిళా సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి అడగాల్సినవి వున్నాయి. కోతకు వెళ్ళే ప్రతి స్త్రీ పేరు విడిగా ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఎక్కాలి, కూలీ ఆమె చేతికే, ఆమె ఖాతాలోకే రావాలి. జంట పద్ధతి పోనంతకాలం మిగతావన్నీ కాగితాల మీదే వుంటాయని మా నమ్మకం. ఖాడాను నేరంగా ప్రకటించాలి. గుడిసెలు వేసే చోట నీళ్ళూ మరుగుదొడ్లూ ఫ్యాక్టరీ బాధ్యత కావాలి, అవి లేని ఫ్యాక్టరీకి గానుగ ఆడించే లైసెన్సు ఇవ్వకూడదు. గర్భిణులకూ బాలింతలకూ కూలీతో సెలవు కావాలి. మోపు బరువుకు హద్దు తోటలోనూ వర్తించాలి. గర్భసంచి జారడం, బరువుల వల్ల నడుము పోవడం, ఎండవల్ల మూత్రపిండాలు చెడడం వృత్తి వ్యాధుల పట్టికలో చేరాలి. ఇప్పటికే గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీలకు, వాళ్ళ చేత చెరకు కొట్టించుకున్న ఫ్యాక్టరీలు పరిహారం కట్టాలి. బీడ్‌లో అలాంటివాళ్ళు 13,861 మంది. సర్వే చేసింది ప్రభుత్వమే కనుక జాబితా కోసం ఎవరూ వెతకనక్కర్లేదు.